కుదుపు తక్కువ... సరదా ఎక్కువ!

తీర్థమో, జాతరో, ఎగ్జిబిషనో... పేరు ఏదైతేనేం, మన వైపు నలుగురు పోగయ్యే చోటల్లా ఓ జెయింట్ వీల్ తిరుగుతూ ఉంటుంది. పిల్లలు దాన్ని దూరం నుంచి చూస్తూనే మీ కొంగు పట్టుకు లాగడం మొదలెడతారు. శ్రీవారు టికెట్లు కొంటారు, పిల్లల్ని తీసుకుని ఎక్కేస్తారు. మరి మీరు? నాలుగు జతల చెప్పులు, నీళ్ల సీసా, ఆయనగారి కళ్లజోడు, సగం తిన్న పీచుమిఠాయి చేతుల్లో పెట్టుకుని కింద నిలబడతారు. అవునా, కాదా? ఎవరైనా "మీరూ ఎక్కండి వదినా" అంటే "అమ్మో, నాకు కళ్లు తిరుగుతాయి" అనేస్తారు. నిజంగా కళ్లు తిరిగేవాళ్లు లేకపోలేదు. కానీ ఒక్కసారైనా ఎక్కకుండానే తిరుగుతాయని తేల్చేసుకున్నవాళ్లే మనలో ఎక్కువ!

అసలు ఏది ఎక్కితే ఎంత ఊపు ఉంటుంది, ఏది నడుము విరగ్గొడుతుంది, ఏది ఉయ్యాలలా హాయిగా ఉంటుంది అన్నది తెలిస్తే భయం సగం పోతుంది. తెలియక ఎక్కకూడనిది ఎక్కే ప్రమాదమూ తప్పుతుంది. అందుకని ఈసారి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నుంచి మొదలుపెట్టి హైదరాబాదు రోలర్ కోస్టర్ దాకా మిమ్మల్ని తిప్పుకొస్తాను. సంచులు కాసేపు శ్రీవారికి అప్పగించి రండి!

ముందు దోనె ఎక్కుదాం

కృష్ణ, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరుచుకున్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా అందులో చేరి ఉప్పుటేరు దారిన సముద్రంలో కలుస్తుంది. ఆ నీటి మధ్య కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి కొలువై ఉంది. ఏటా ఫాల్గుణ మాసంలో అమ్మవారి జాతర జరుగుతుంది, జలదుర్గా గోకర్ణేశ్వరుల కల్యాణం చేస్తారు. కైకలూరు వైపు నుంచి ఆలపాడు మీదుగా జనం తండోపతండాలుగా వస్తారు.

రోడ్లు లేని రోజుల్లో లంకల వాళ్లకు పడవే కాళ్లు, పడవే బండి. తాటిమాను తొలిచి చేసిన దోనెలో కూర్చున్నారా ఎప్పుడైనా? వెడల్పు మనిషికి సరిగ్గా సరిపోతుంది. ముందుకూ వెనక్కూ కుదుపే ఉండదు, నీళ్ల మీద వెన్నముద్దలా జారిపోతుంది. కానీ మీరు ఒక పక్కకు ఒరిగారో, అది రెండింతలు ఒరుగుతుంది. అందుకే రెండేసి దోనెలు జోడించి కట్టడం అలవాటు. జంట కలిపితే వెడల్పు పెరుగుతుంది, ఒరుగుడు తగ్గుతుంది. (సంసారం గురించి చెబుతున్నాననుకునేరు!) ఇంజను పడవకు ఒరుగుడు తక్కువే కానీ బల్ల మీద కూర్చుంటే ఒళ్లంతా జిల్లుమంటూ వణుకుతుంది. పంటు మీద అయితే నేల మీద నిలబడ్డట్టే ఉంటుంది.

ఈ మూడూ ఎక్కినవాళ్లకు ఒక సంగతి తెలిసిపోతుంది. ఊపు వేరు, కుదుపు వేరు, వణుకు వేరు. ఊపు మెల్లగా వచ్చి మెల్లగా పోతుంది, ఒంటికి హాయి. కుదుపు చెప్పకుండా వచ్చి మెడ, నడుము పట్టేస్తుంది. వణుకు నొప్పి పెట్టదు గానీ అరగంటకే విసుగెత్తిస్తుంది. మనం ఎక్కే బొమ్మగుర్రం నుంచి లక్షల జనం ఎగబడే రోలర్ కోస్టర్ దాకా అన్నింటినీ ఈ మూడు లెక్కలతోనే తూచవచ్చు.

ఇక బస్సు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, ఎడ్లగాడి వైపు ఎప్పుడైనా వెనక సీట్లో కూర్చుని చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు ఆ దారి నీట మునిగి రాకపోకలే ఆగిపోయాయి. నీళ్లు తిని లేచిన రోడ్డు మీద వెనక సీటంటే వేరే రోలర్ కోస్టర్ అక్కర్లేదు! చక్రానికి వెనక వేలాడే సీటు కనుక, చక్రం జానెడు లేస్తే మీరు మూరెడు లేస్తారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్యలో ఉన్న సీటు చూసుకోండి, అదే రోడ్డు సగం మెత్తగా అనిపిస్తుంది. రైల్లోనూ అంతే. బోగీకి రెండు చివర్లా చక్రాల మీద ఉన్న బెర్తులకు చప్పుడూ కుదుపూ ఎక్కువ, నట్టనడుమ బెర్తులకు తక్కువ. చంటిపిల్లతో ప్రయాణమైతే ఈ చిన్న కిటుకు గుర్తుపెట్టుకోండి.

జాతరలో ఏదెలా ఉంటుంది?

పాతకాలపు రంగులరాట్నం మన తీర్థాల్లో ఇంకా అక్కడక్కడా కనిపిస్తుంది. ఏనుగులు, గుర్రాలు గుండ్రంగా తిరిగే చెక్క రాట్నం. చేత్తో తిప్పుతాడు కనుక వేగం మనిషి సత్తువను మించదు. మూడేళ్ల పిల్లకు కూడా ఇది సరే. ఒక్కటే తకరారు. తిరిగే దాని మీద కూర్చుని పక్కకు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎదుటి గుర్రం తోక మీద చూపు నిలిపితే తిరగవు. చెవి లోపల మన ఒంటి తూకం చూసుకునే ఏర్పాటు ఒకటుంది. కన్ను ఒకటి చెప్పి, అది ఇంకొకటి చెబితేనే కడుపులో దేవడం మొదలవుతుంది. ఘాట్ రోడ్డులో పుస్తకం చదివితే వాంతి వచ్చేది కూడా అందుకే.

జెయింట్ వీల్ చూడ్డానికి భయంగానీ, ఎక్కాక కుదుపు లేని సరుకు. పైకి ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. పై నుంచి దిగేటప్పుడు కడుపులో చల్లగా, గుండె జారినట్టు ఉంటుంది చూడండి, దాన్నే చాలామంది "కళ్లు తిరగడం" అనుకుంటారు. అది కళ్లు తిరగడం కాదు. ఒళ్లు ఒక్క క్షణం తేలికైపోవడం, అంతే. కళ్లు మూసుకుంటే ఎక్కువవుతుంది. దూరంగా ఏ గుడి గోపురమో, దీపాల వరసో చూస్తూ కూర్చుంటే తగ్గుతుంది. తొట్టిని మాత్రం ఎవరినీ ఊపనివ్వకండి, పెద్దాడికి ముందే గట్టిగా చెప్పండి.

కొలంబస్ పడవ సంగతి వేరు. అది మన ఉయ్యాల బల్లే, కాకపోతే యాభైమంది కూర్చునేంత పెద్దది. రెండు చివరల కూర్చున్నవాళ్లు చాలా ఎత్తుకు లేస్తారు, మధ్యలో ఉన్నవాళ్లు అంత లేవరు. కుర్రాళ్లు పరుగున పోయి చివరి వరస పట్టుకుంటారు, మీరు నిమ్మళంగా నడుమ వరసకు వెళ్లండి. అదే టికెట్టు, సగం ఊపు! మొదటిసారి ఎక్కేవాళ్లకు ఇంతకంటే మంచిది లేదని నా అభిప్రాయం. నచ్చితే రెండోసారి ఒక వరస వెనక్కి జరగండి.

బ్రేక్ డాన్స్ అంటూ గిరగిరా తిరిగే తొట్లున్నాయే, వాటిని మాత్రం నేను మీకు సిఫారసు చెయ్యను. పెద్ద బల్ల ఒక వైపు తిరుగుతుంటే దాని మీద తొట్టి ఇంకో వైపు తిరుగుతుంది. ఎటు విసురుతుందో ముందు తెలియదు. తెలియని విసురే మెడకు చేటు. పిల్లలు మరీ మారాం చేస్తే, లావుపాటి మనిషిని బయటి అంచున, పిల్లాణ్ని లోపలి వైపున కూర్చోబెట్టాలి. తిరిగేటప్పుడు బరువంతా బయటికే తోసుకొస్తుంది కదా. శ్రీవారు లోపల, బుజ్జిగాడు బయట కూర్చున్నారో, వాడు కందిపచ్చడే! చాలామంది ఈ ఒక్కటీ ఆలోచించకుండా ఎక్కేస్తారు.

మిగిలింది డ్రాగన్ రైలు. నోరు తెరిచిన పాము మొహం, వెనకాల నాలుగైదు పెట్టెలు, ఎత్తుపల్లాల పట్టాల మీద గుండ్రంగా తిరుగుతుంది. మన ఊళ్లలో రోలర్ కోస్టర్‌కు చెల్లెలు ఇదే. ఎత్తు రెండు నిలువులు కూడా ఉండదు, వేగమూ లేదు. అయినా దిగాక నడుము పట్టుకునేవాళ్లను చూడొచ్చు. ఎందుకంటారు?

వేగం కాదండీ, కుదుపు!

ఏలూరు స్టేషన్ దాటాక మన రైళ్లు గంటకు వంద కిలోమీటర్లు పైగా పరుగెత్తుతాయి. చేతిలో టీ గ్లాసు తొణకదు. అదే గంటకు పది కిలోమీటర్లు కూడా పోని ఆటో గతుకులో పడితే ఎముకలు కదిలిపోతాయి. కాబట్టి మనల్ని బాధపెట్టేది వేగం కాదు. వేగమో దిశో ఠక్కున మారడం. డ్రాగన్ రైలు పట్టాల్ని ఈ ఊళ్లో విప్పి ఆ ఊళ్లో బిగిస్తారు. నేల సమంగా లేకపోతే కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు చేస్తారు. ప్రతి అతుకు దగ్గరా ఒక దెబ్బ. పెద్ద పార్కుల్లో పట్టాలు కాంక్రీటు పునాదుల మీద కదలకుండా ఉంటాయి. చక్రాలు కూడా మూడు వరసలు. పట్టా మీద నడిచేవి కొన్ని, పక్క నుంచి ఒరుసుకునేవి కొన్ని, పైకి లేవకుండా పట్టా కింద నుంచి పట్టుకునేవి కొన్ని. ఈ చక్రాలకు చుట్టూ మెత్తటి ప్లాస్టిక్ లాంటి పదార్థం తొడుగుతారు. మెత్తటి తొడుగైతే ప్రయాణం మెత్తన, గట్టి నైలాను తొడుగైతే వేగం ఎక్కువ, కుదుపూ ఎక్కువ.

ఈ రోలర్ కోస్టర్ పుట్టింది రష్యా మంచుగుట్టల మీద జారే ఆటల్లోంచి. అమెరికాలో న్యూయార్కు పక్కన కోనీ ఐలాండులో 1884లో లమార్కస్ థాంప్సన్ అనే ఆయన టికెట్టు పెట్టి నడిపిన దాని వేగం గంటకు పది కిలోమీటర్లు మించదు. మన జట్కా బండి అంత! టికెట్టు అయిదు సెంట్లు. అక్కడే 1895లో ఫ్లిప్ ఫ్లాప్ అని ఒకటి కట్టారు. అది మనిషిని తలకిందులుగా తిప్పేది. దాని చుట్టు అచ్చం చేతిగాజులా గుండ్రంగా ఉండేది. ఎక్కినవాళ్ల మెడలు పట్టేసేవి. సంగతేమిటంటే, కింద నుంచి వేగంగా వచ్చి గుండ్రటి చుట్టులోకి దూరగానే ఒక్కసారిగా ఒళ్లు బరువెక్కిపోతుంది. తల బరువు మెడ మోయలేనంత అవుతుంది.

ఆ బాధ తీరడానికి చాలా ఏళ్లు పట్టింది. 1959లో డిస్నీలాండ్ వాళ్లు ఉక్కు గొట్టాలతో పట్టాలు వేసి చూపించారు. చెక్క పట్టాలతో రాని నునుపు వచ్చింది. 1976లో కాలిఫోర్నియాలో వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజనీరు గాజులాంటి చుట్టును మార్చి నీటిబొట్టు ఆకారంలో గీశాడు. కింద వెడల్పు, పైన ఇరుకు. బరువు మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఇవాళ మనం చూసే తలకిందుల చుట్లన్నీ ఆ బొట్టు ఆకారంలోనివే. ఈసారి పార్కుకు వెళ్తే తలెత్తి చూడండి, గుండ్రంగా కాకుండా మీ చెవి లోలాకులా కనిపిస్తుంది.

హైదరాబాదు ప్రయాణం

మన ఏలూరు, గూడెం వాళ్లకు దగ్గర్లో నిజమైన పెద్ద రోలర్ కోస్టర్ అంటే హైదరాబాదు వండర్‌లాలోదే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో తెరిచారు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ గూడెంలోనూ, ఏలూరులోనూ ఆగుతుంది. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. కానీ రైలు దిగి నేరుగా పార్కుకు పరుగెత్తకండి. నిద్ర లేని కడుపు, ఖాళీ కడుపు, నిండు కడుపు మూడూ కోస్టర్‌కు పనికిరావు. ఎక్కడో ఓ పూట నడుం వాల్చి, మర్నాడు పొద్దున్నే వెళ్లండి.

అక్కడ రికాయిల్ అని ఒకటుంది. పెట్టెల్ని ముందుగా వెనక్కి లాగుతూ ఎత్తుకు ఎక్కిస్తారు. అంటే మీ మొహం నేలవైపు! కాసేపు అలా వేలాడదీసి వదిలేస్తారు. స్టేషన్ గుండా దూసుకుపోయి, తలకిందుల చుట్లు తిరిగి, ఎదుటి ఎత్తుకు ఎక్కుతుంది. ఇక అయిపోయిందిరా దేవుడా అనుకునేలోపు అదే దారిన వెనక్కి! ముందుకు వెళ్లేటప్పుడు కంటికి దారి కనబడుతుంది, ఒళ్లు సర్దుకుంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఏ చుట్టు ఎప్పుడొస్తుందో తెలియదు. కనుక మెడకు పని పడేది ఈ రెండో సగంలోనే. ఈ రకం కోస్టర్లు ప్రపంచమంతటా చాలా ఉన్నాయి. భుజాల మీదుగా వచ్చే గట్టి కడ్డీకి తల అటూ ఇటూ కొట్టుకుంటుందని అన్నిచోట్లా ఒకటే ఫిర్యాదు. దానికి మందు మీ చేతిలోనే ఉంది. తలను వెనక దిండుకు ఆనించి, గడ్డం కొద్దిగా పైకెత్తి, పళ్లు కలిపి ఉంచండి. కిందికీ పక్కకూ చూడకండి. చెవులకు వేలాడే జూకాలు ముందే తీసేయండి. మొత్తం ఆట రెండు నిమిషాలు కూడా ఉండదు.

సీటు ఎంపికలో బస్సు సూత్రమే పనికొస్తుంది. నడుమ పెట్టెల్లో కుదుపు తక్కువ. ముందు సీట్లో దృశ్యం బాగుంటుంది. మామూలుగా ముందుకే పోయే కోస్టర్లలో చివరి పెట్టెను ముందున్న పెట్టెలు గుట్ట మీద నుంచి కొరడాలా లాగేస్తాయి, అక్కడ విసురు ఎక్కువ. ఇంకో ముచ్చట. చల్లటి పొద్దుటి పూట చక్రాలు, గ్రీజు బిగుసుకుని ఉంటాయి, బండి కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఎండ ఎక్కాక వేగం పెరుగుతుంది. మెత్తగా కావాలంటే గేటు తీయగానే వెళ్లండి. క్యూ కూడా తక్కువ.

పిల్లలకు ఎత్తు చూసే గీత ఉంటుంది. మీ చిన్నది ఒక అంగుళం తక్కువైతే గేటు దగ్గర కుర్రాణ్ని బతిమాలకండి. ఆ గీత పిల్ల ధైర్యం కొలవడానికి పెట్టింది కాదు. భుజాల కడ్డీ సరిగ్గా ఆనే ఒళ్లు ఉందా లేదా చూడటానికి.

ఇంకా దూరం వెళ్లగలిగినవాళ్లకు చెన్నై దగ్గర 2025 డిసెంబరులో వండర్‌లా తెరిచారు. అక్కడి తంజోరాలో పట్టా పైన ఉంటుంది, కాళ్లు గాల్లో వేలాడతాయి. ముంబయి - పుణె దారిలో ఖోపోలీ దగ్గర ఇమాజికాలో 2013 నుంచి నైట్రో నడుస్తోంది. దాంట్లో పాదాల కింద నేలే ఉండదు, అయిదుసార్లు తలకిందులు. ఈ రెండూ స్విట్జర్లాండుకు చెందిన ఒకే కంపెనీ తయారీ. ఎత్తు, వేగం ఎక్కువే. కానీ ప్రపంచమంతా తిరిగినవాళ్లు ఆ కంపెనీ పట్టాల్ని నునుపుకే మెచ్చుకుంటారు. అంటే ఎత్తు చూసి భయపడటం, పొట్టిగా ఉందని డ్రాగన్ రైలును నమ్మడం, రెండూ తప్పు లెక్కలే.

మన ఇళ్లలో అమెరికాలో ఉన్న అమ్మాయి పురిటికి వెళ్లొచ్చిన అమ్మమ్మలు బోలెడుమంది. అల్లుడు "రండి అత్తయ్యా" అని అక్కడి పార్కులకు తీసుకెళ్తాడు. న్యూజెర్సీ సిక్స్ ఫ్లాగ్స్‌లో 456 అడుగుల కింగ్డా కా అని 2005లో కట్టారు. ఇప్పుడు లేదు, 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. అక్కడే ఎల్ టోరో అనే చెక్క కోస్టర్ ఉంది. 2022 ఆగస్టులో దాని పట్టాలో ఒక చోట గతుకు పడి, కుదుపుకు కొందరికి దెబ్బలు తగిలితే ఆపేసి బాగుచేశారు. చూశారా, అమెరికా అయినా గతుకు గతుకే! పెద్దవయసు వాళ్లు అక్కడికి వెళ్తే చెక్కవాటి జోలికి పోకపోవడం మంచిది. గలగలలాడటమే వాటి అందం అంటారు అభిమానులు. అభిమానుల నడుములు వేరు, మన నడుములు వేరు.

ఎవరు ఎక్కకూడదు?

గర్భిణులు జెయింట్ వీల్‌తో సహా ఏదీ ఎక్కవద్దు. నెల తప్పిందేమోనన్న అనుమానం ఉన్నా సరే, ఆ పూటకు మానేయండి. సిజేరియన్ గానీ, గర్భసంచి ఆపరేషన్ గానీ అయినవాళ్లు డాక్టరమ్మను అడగకుండా వద్దు. మెడ నొప్పి, నడుము డిస్క్ నొప్పి, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ ఉన్నవాళ్లకు ఊపు ఉన్న పడవ కూడా ఎక్కువే. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న మనకు దగ్గినా తుమ్మినా ఇబ్బందయ్యే సంగతి ఒకటుంటుంది కదా. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది దానికోసమే కింద నిలబడిపోతారు. ముందే బాత్రూముకు వెళ్లి వచ్చి ఎక్కండి. తరచూ ఇబ్బందిగా ఉంటే మాత్రం డాక్టరమ్మకు చెప్పండి, దానికి వ్యాయామాలున్నాయి.

చీరకు, కోస్టర్‌కు పడదు. చుడీదారు వేసుకోండి, చున్నీ ఇంట్లో వదిలేయండి, లేదా నడుముకు బిగించి పిన్నీసు పెట్టండి. జడ వేలాడనివ్వకండి, ముడి వేసి లోపలికి దోపండి. ఇది చాదస్తం కాదు. 2020లో హైదరాబాదు శివార్లలో గో కార్టింగ్ బండిలో జుట్టు చిక్కుకుని ఒక అమ్మాయి ప్రాణం పోయింది. మంగళసూత్రం జాకెట్టు లోపలికి వేసుకోండి. సెల్‌ఫోను శ్రీవారికిచ్చేయండి. అది జారి కింద ఉన్నవాళ్ల నెత్తిన పడితే రాయికంటే ఘోరం.

పార్కుల్లో రోజూ పొద్దున ఖాళీ పెట్టెలు నడిపి చూశాకే జనాన్ని ఎక్కిస్తారు. జాతరలో ఆ పని మన కళ్లే చెయ్యాలి. 2018 మే నెలలో అనంతపురంలో జెయింట్ వీల్ తొట్టి ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిష్‌లో ఒక ఆట తలకిందులుగా ఆగిపోయి, ఎక్కినవాళ్లు అలాగే వేలాడారు. అందుకని టికెట్టు కొనకముందు ఒక రౌండు ఊరికే చూడండి. తొట్టి ముందు కడ్డీకి మేకు దిగేసి ఉందా, లేక తాడుతో కట్టారా? కాళ్ల కింద చెక్కలు కదులుతున్నాయా? తిరిగేటప్పుడు టకటకమనే చప్పుడు ఒకే చోట వస్తోందా? తిప్పేవాడు తాగి ఉన్నాడా? గాలివాన మొదలవుతున్నా తిప్పుతూనే ఉన్నాడా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పిల్లలు ఏడిస్తే ఏడవనీయండి, జీళ్లు కొనిపెట్టి తీసుకొచ్చేయండి. మీరు "వద్దు" అంటే శ్రీవారు "నీకన్నీ భయాలే" అంటారు. అననివ్వండి.

ఇక తిండి. ఎక్కడానికి గంటన్నర ముందు ఇడ్లీయో, అరటిపండో తినండి. పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లినా అవి దిగాకే. కొల్లేటి కొరమేను పులుసు మహా రుచే, కానీ అది తిని బ్రేక్ డాన్స్ ఎక్కితే పక్కవాళ్లు క్షమించరు! ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుపడ్డ గూడెంలో వేడి వేడి పకోడీ కూడా దిగాకే. కడుపులో దేవుతుంటే చిన్న అల్లం ముక్క ఉప్పద్దుకుని బుగ్గన పెట్టుకోండి. దిగిన వెంటనే పరుగెత్తకుండా కాసేపు కూర్చోండి, నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగండి.

ఇవేవీ పడనివాళ్లకు

ఇంత చెప్పినా "అబ్బే, నా వల్ల కాదు" అనేవాళ్లు ఉంటారు. అత్తగారిని ఒంటరిగా వదిలి వెళ్లలేనివాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లకు కైకలూరు పక్కనే ఆటపాక ఉంది. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన గొడవంతా మీకు గుర్తుండే ఉంటుంది. ఆటపాకలో పడవ ఎక్కిస్తారు. గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి నీళ్ల మధ్య ఇనప స్టాండ్లు నిలబెట్టారు. ఎర్రకాళ్ల కొంగలూ అక్కడే. శీతాకాలంలో, నవంబరు నుంచి మార్చి లోపు వెళ్తే పిల్లల్ని మేపుకునే పక్షులతో ఆ స్టాండ్లన్నీ పెళ్లింట్లో పందిరిలా సందడిగా ఉంటాయి.

పడవలో కుదుపు లేదు, ఊపు లేదు, వణుకు కాస్త. ఎనభై ఏళ్ల మామ్మగారు కూడా ఎక్కొచ్చు. లైఫ్ జాకెట్టు మాత్రం పేరుకు భుజాన వేసుకోవడం కాదు, బిగించి కట్టుకోవాలి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి కడుపుకోత మన జిల్లాలవాళ్లు మర్చిపోగలరా? జాకెట్టు ఇవ్వకపోతే దిగిపోండి. పక్షి కనబడగానే అందరూ ఒక పక్కకే లేచి ఎగబడటం మన అలవాటు, అది మానండి. మధ్యాహ్నం ఎండ తగలకముందే, పొద్దున ఎనిమిదింటికల్లా అక్కడుంటే బాగుంటుంది. టోపీ, నీళ్లు, పిల్లలకు చిరుతిండి పట్టుకెళ్లండి. గూడబాతులకు మాత్రం జంతికలు వెయ్యనీయకండి, వాటికి చేపలున్నాయి.